అక్షరం అంచు చూసే అక్క

మా పిన్నికూతురి పెళ్లి పిలుపు పోయిన వారం ఫోన్‌లోకి వచ్చింది. ఈ మధ్య అందరూ పంపుతున్నట్టే కార్డు కాదు, ఒక లింకు. నొక్కితే తెల్లాపూర్ దగ్గరి ఒక ఫంక్షన్ హాలు వాళ్ల పేజీ తెరుచుకుంది. పైన బంగారు రంగులో పెద్ద పెద్ద అక్షరాలతో "మీ ఇంటి పెళ్లి మా ముంగిట్లో" అని ఉంది. కింద ముహూర్తం, భోజనాల వేళ, దారి చూపే మ్యాపు ఉన్నాయి. నేను అవేవీ చదవలేదు. రెండు వేళ్లతో ఆ 'పెళ్లి'ని పట్టుకుని సాగదీశాను. తెరంతా ఒక్క 'ళ్లి' నిండేదాకా సాగదీశాను. అంచు చెక్కుచెదరలేదు. వంపు తిరిగిన చోట కూడా కత్తితో కోసినట్టే ఉంది.

ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. గీత పైకి లేచి, చివర్న కాస్త ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు కిందికి దిగుతుంది. ఆ పేజీ కట్టింది మాత్రం నేనే. ఇన్నేళ్లయినా ఆ అక్షరాలు కనబడితే నాకు ముందు సంతోషం రాదు. మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. మా ఆయన వచ్చి "ఎవరికేమైంది?" అని అడిగాడు.

ఆ పేజీ కట్టిన రోజుల్లోది నా మొదటి ఉద్యోగం. హైటెక్ సిటీలో ఉద్యోగమని మా అనంతపురంలో అమ్మ వీధంతా చెప్పుకుంది. నిజానికి అది కొండాపూర్‌లో, టిఫిన్ సెంటర్ పైన మూడో అంతస్తు. కిటికీలోంచి చూస్తే దూరంగా అద్దాల మేడలు కనిపించేవి, ఆ లెక్కన హైటెక్ సిటీయే. మొత్తం ఏడుగురం. ఫంక్షన్ హాళ్లకు, క్లినిక్కులకు, అపార్ట్‌మెంట్ సంఘాలకు, పెళ్లి పిలుపులకు వెబ్ పేజీలు కట్టేవాళ్లం. మా సారు గోదావరి వైపు మనిషి, ఎవర్నయినా 'అండి' లేకుండా పిలవలేడు. మా ఏడుగురిలో తెలుగు అక్షరాల పని ఒక్క అక్కది.

యాభైకి అటో ఇటో ఉంటుంది ఆమెకు. కొంగు నడుముకు దోపుకుని, చేతిలో స్కూటీ హెల్మెట్‌తో మెట్లెక్కి వచ్చేది. పుట్టిందీ మెట్టిందీ కొత్తగూడే. "ఫ్లైఓవర్ కింద గా మందుల దుకాణం ఉన్నది సూడు, ఆడ మా బర్రెల కొట్టం ఉండె" అని చెప్పేది, అదేదో నిన్న తీసేసినట్టు. పెళ్లికార్డులు అచ్చేసే ప్రెస్సులో ఇరవై ఏళ్లు అక్షరాలు రాసి రాసి, ప్రెస్సు మూతపడ్డాక కంప్యూటర్ నేర్చుకుని మా ఆఫీసుకి వచ్చింది. సారు ఆమెను "మేడమ్ గారండి" అనేవాడు. మిగిలినవాళ్లందరికీ అక్కే.

ఆమె పని నాకు మొదట్లో పిచ్చిగా అనిపించేది. ముందు కాగితం మీద కుంచెతో అరచేతంత అక్షరం రాసేది. దాన్ని స్కాన్ చేసేది. అక్కడితో అయిపోయిందనుకుంటాం కదా. అప్పుడు మొదలయ్యేది అసలు పని. కంప్యూటర్‌లో ఆ అక్షరం అంచు పొడుగునా చుక్కలు పెట్టి, చుక్క నుంచి చుక్కకి గీత వంచుకుంటూ మళ్లీ మొత్తం గీసేది. పొద్దున కూర్చుంటే ఒక్క 'క్ష' మధ్యాహ్నానికి తేలేది.

"ఫొటో ఉండాది కదక్కా, అదే పెట్టేస్తే పోలా?" అన్నాను చేరిన వారంలోనే, తెలివి ఎక్కువై.

"ముగ్గేస్తవా?" అంది తల తిప్పకుండా.

"వేస్తానక్కా."

"చుక్కలెన్నో, గీత ఎటు తిరుగుతదో ఎరుకుంటె గడప ముంగట చిన్నగ ఏస్తవ్, వాడ నిండ పెద్దగ ఏస్తవ్. ఎంతేసినా ముగ్గు ముగ్గే. అదే ముగ్గుకు ఫొటో తీసి, గా ఫొటోను వాడంత గుంజినవనుకో, ఏం మిగుల్తది? మసక." తర్వాత నా వైపు తిరిగి, నవ్వకుండా అంది. "అంచు చూడు బిడ్డా. కడుపు ఎవలన్న నింపుతరు."

అక్షరం లోపల రంగు నింపడం ఎవరికైనా వస్తుంది, అంచు పట్టడమే పనితనమని ఆమె లెక్క. చుక్కలూ గీతలతో చేసినదాన్ని 'గీతల ఫైలు' అనేది. చిన్న ఫోన్‌లో పెట్టినా, గోడంత టీవీలో పెట్టినా అది మసకబారదు. నీడలూ మెరుపులూ ఉండి గీతల్లో పట్టనివి కొన్ని ఉంటాయి. వాటిని పేజీలో కనబడే కొలతకు రెండింతలు పెద్దగా చేసి ఇచ్చేది, ఇప్పటి ఫోన్ల తెరలు అంత సన్నగా నేసి ఉంటాయని. అక్షరం చుట్టూ దుమ్ము చల్లినట్టు మచ్చలు వదిలే రకం ఫైలుగా ఎవరైనా దాచారంటే ఇక వాళ్ల పని అయిపోయినట్టే. అన్నిటికన్నా పెద్ద నేరం ఇంకొకటి ఉంది. "వాట్సాప్ల ఫొటో లెక్క పంపిన అక్షరాన్ని పేజీల పెట్టొద్దు. గది పిప్పి. రసమంత దార్లనే పోతది." ఇది నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ తల ఊపాను.

పేజీ తయారయ్యాక ఆమె పరీక్ష మొదలయ్యేది. సొంత ఫోన్‌తో తృప్తి లేదు. ఎవరి ఫోన్ కనబడితే వాళ్లది తీసుకుని, అడగకుండానే కొంగుతో తెర తుడిచి, పేజీ తెరిచి వాళ్లకే చూపించేది. "జర సూడు. నీకు మసకగ కనవడ్తుందా?" ఛాయ్ తెచ్చే ఆవిడని అడిగేది. వాచ్‌మన్‌ని అడిగేది. పని మీద వచ్చిన పార్టీవాళ్లను అడిగేది. కింద టిఫిన్ సెంటర్‌లో దోసె తింటున్న వాళ్లను కూడా ఒకసారి అడిగింది. మేం దాన్ని 'అక్క జనాభా లెక్కలు' అని ఏడిపించేవాళ్లం. "అక్కా, ఈ రోజు ఎంతమంది ఓట్లు పడినాయి?" అంటే, "నవ్వుర్రి, నవ్వుర్రి" అనేది.

ఒక సంగతి మాత్రం నాకు ఆలస్యంగా తట్టింది. అడిగిన తర్వాత ఆమె తెర వైపు చూడదు, మన మొహం వైపు చూస్తుంది. మనం కళ్లు చికిలిస్తామా, ఫోన్ దగ్గరకు లాక్కుంటామా, తడుముకుంటామా అని చూస్తుంది. మనం జవాబు చెప్పేదాకా ఊపిరి పట్టినట్టే ఉండేది. పనిమీద అంత పట్టుదల కాబోలు అనుకునేదాన్ని. నాకు ఆ చూపు భరించడం కష్టంగా ఉండేది. అందుకే చాలాసార్లు ఫోన్ అందుకునీ అందుకోకముందే "సూపర్ ఉందక్కా" అనేసేదాన్ని. అలా అంటే ఆమె భుజాలు కిందికి దిగేవి. నాకూ పని తప్పేది.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మేమిద్దరమే మిగిలాం. ఆమె డబ్బాలో ఎప్పుడూ జొన్నరొట్టె, ఆకుకూర. షుగర్ ఉందని మాకు తెలుసు, మాత్ర వేసుకోవడం చూసేవాళ్లం. ఆ రోజు రొట్టె తుంచుతూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "మా అమ్మకు గూడ షుగరే. మొదలు సూదిల దారం ఎక్కకపాయె. సూదే మంచిది గాదని కొత్త సూదులు కొనుక్కొచ్చింది. గటెన్క ఒకపూట మసక, ఒకపూట సాఫ్. సాఫ్ ఉన్నపూట మాకు అన్నం మంచిగ వండేది, సంబురానికి. ఆఖరికి నా గొంతు పట్టి నన్ను గుర్తువట్టేది."

"కంటి డాక్టర్‌కి చూపించుకోలేదా అక్కా?"

"ఆలస్యమాయె."

"మీరు చూపించుకున్నారా?"

రొట్టె నమిలి మింగింది. "దవాఖానకు పోతె దానికొక పేరు పెడ్తరు. పేరు పెట్టినంక అది ఇంట్లనే ఉంటది." తర్వాత నా మొహం వైపు చూసి చిన్నగా నవ్వింది. "నీ కండ్లు మంచిగున్నయ్ బిడ్డా. నీకు సాఫ్ కనవడ్తుందంటె నాకు ఫికర్ ఉండదు."

అప్పుడు అర్థమైంది నాకు, ఆమె ఫోన్లు తుడుచుకుంటూ తిరిగేది అక్షరాల కోసమే కాదని. ఊళ్లోవాళ్లందరి కళ్లతో తన కళ్లను సరిచూసుకుంటోంది. ఇంత తెలిసి కూడా ఆ పని చేశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

తెల్లాపూర్ హాలు పేజీ చూపించాల్సిన రోజు అది. నా ప్రొబేషన్ ఆ నెలతో ముగుస్తుంది. ఉంచుతారో పంపిస్తారో తెలియదు. హాస్టల్‌లో తోటి అమ్మాయి ఒకతె అప్పటికే పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోయింది, ఆ ఖాళీ మంచం రోజూ నా ఎదురుగానే ఉండేది. పొద్దున్నే లేచి పేజీకి చివరి మెరుగులు దిద్దుదామని హాస్టల్‌లోనే కూర్చున్నాను. అక్క చేసిన గీతల ఫైలు ఆఫీసు కంప్యూటర్‌లో ఉంది, హాస్టల్ నుంచి తెరుచుకోవడం లేదు. అవే అక్షరాలు ముందురోజు రంగు నచ్చిందో లేదో చూడమని పార్టీకి వాట్సాప్‌లో ఫొటోగా పంపారు, అది నా ఫోన్‌లో ఉంది. తీసి, వెనక తెలుపు చెరిపి, పేజీ వెడల్పుకు గుంజి పెట్టేశాను. ఆఫీసుకి వెళ్లాక మార్చేద్దాంలే అనుకున్నాను.

కొత్తగూడ దగ్గర ట్రాఫిక్ కదల్లేదు. నేను మెట్లెక్కేసరికి పార్టీ వచ్చి కూర్చున్నాడు. సారు నన్ను చూడగానే "ఏమ్మా, పెట్టేయండి, పెట్టేయండి, ఆయన మళ్లీ ఇంకో చోటికి వెళ్లాలంట" అన్నాడు. లాప్‌టాప్‌ని గోడకున్న పెద్ద టీవీకి తగిలించాను. అక్షరాలు గోడంత అయ్యాయి. ప్రతి వంపుకీ బూజు పట్టినట్టు ఉంది. బంగారు రంగు అంచు దాటి, పసుపు నీళ్లలా బయటికి కారినట్టుంది.

హాలు ఓనరు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "జబర్దస్త్ ఉందన్నా. మా ఫోటోలు జర పెద్దగ పెట్టుర్రి" అన్నాడు. ఆయన కళ్లు హాలు ఫోటోల మీదే ఉన్నాయి. సారు మొహం వెలిగిపోయింది.

అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. తన అక్షరాలు మొదటిసారి పెద్ద తెర మీద చూడటానికి వచ్చింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. పెట్టుకుని చూసింది. మళ్లీ తీసి తుడిచింది. నెమ్మదిగా నా కుర్చీ వెనక్కి వచ్చి, ఎవరికీ వినబడకుండా వంగి అడిగింది.

"బిడ్డా, నీకు మసకగ కనవడ్తలేదా?"

సారు మా వైపే చూస్తున్నాడు. అవునక్కా, తప్పు ఫైలు పెట్టినాను అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలూ గొంతు దాకా వచ్చాయి. నెలాఖరు గుర్తొచ్చింది.

"లేదక్కా. బాగుండాది."

"మంచిగ సూసినవా?"

"చూసినానక్కా. అంచులన్నీ సాఫ్‌గా ఉన్నాయి."

ఆమె వెనక్కి జరిగింది. తలుపు చెక్క పట్టుకుని కాసేపు నిలబడి తన సీటుకి వెళ్లిపోయింది.

పార్టీ దిగి వెళ్లగానే పరుగున పోయి గీతల ఫైలు తీసి పెట్టాను. రెండు నిమిషాల పని. తెర మీద అక్షరాలు తేటగా నిలబడ్డాయి. హమ్మయ్య, ఎవరికీ తెలియలేదు, గండం గడిచింది అనుకున్నాను. కింద టిఫిన్ సెంటర్‌కి పోయి ఇడ్లీ కూడా తిన్నాను, సిగ్గు లేకుండా.

మూడింటికి అక్క పిలిచింది. ఆమె కంప్యూటర్ మీద అదే పేజీ ఉంది.

"ఇది పొద్దుగాల్ల పెట్టినదేనా? ఏమన్న మార్చినవా?"

అది నాకు దొరికిన రెండో అవకాశం. అప్పుడు సారు లేడు, పార్టీ లేడు. ఎవరూ లేరు. కానీ పొద్దున ఒకటి చెప్పేశాక మధ్యాహ్నం ఇంకొకటి చెబితే, రెండుసార్లు పట్టుబడినట్టవుతుందనిపించింది.

"అదే అక్కా. ఏం మార్చలేదు."

ఆమె తెర వైపు చూసింది. చేతివేలితో 'పె' చుట్టూ గాల్లోనే ఒకసారి గీసింది. "ఇప్పుడు సాఫ్ ఉన్నది" అంది. గొంతు మామూలుగానే ఉంది. "పొద్దుగాల్ల మసకుండె. ఇప్పుడు సాఫ్."

ఒకపూట మసక, ఒకపూట సాఫ్. నాకు వాళ్లమ్మ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నేను దిద్దుకున్న తప్పే ఆమెకు రుజువైపోయింది.

ఆ తర్వాతి రోజుల్లో అక్క స్కూటీ తీయడం మానేసింది. కొత్తగూడ నుంచి నడిచి వచ్చేది. అడిగితే "నడక మంచిదే గదా షుగర్‌కు" అనేది. ఛాయ్ మానేసింది. ఫోన్లు తుడవడం మానేసింది. ఎవర్నీ ఏమీ అడగడం లేదు. ఛాయ్ తెచ్చే ఆవిడ తనంతట తనే "అక్కా, సూడాల్నా?" అని ఫోన్ చాపితే, "వద్దమ్మా, మంచిగనే ఉంటది" అంది. ఏడిపించడానికి మాకు ఏమీ మిగల్లేదు. మిగిలినవాళ్లు ఏదో మొక్కు మొక్కుకుందేమో అనుకున్నారు.

నాకు పని నేర్పడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎప్పుడూ తన మౌస్ ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. ఇప్పుడు తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, పక్కన నిలబడి, "ఈడ చుక్క ఎక్కువైంది, తీసెయ్. వంపుకు రెండు చాలు. చుక్కలు ఎక్కువైతె గీత వణుకుతది" అని చెప్పేది. తొందరగా చెప్పేది, బస్సెక్కేవాళ్లు చెప్పినట్టు. నేను ఒక చుక్క పెట్టి, తీసేసి, మళ్లీ అక్కడే పెట్టేదాన్ని. "ఎందుకే గంత భయం? వస్తది" అని నా వీపు నిమిరేది. ఆ చెయ్యి పడితే చాలు, ఏడుపొచ్చేది.

చెప్పాలి, చెప్పేయాలి. రోజూ హాస్టల్ నుంచి అదే అనుకుంటూ వచ్చేదాన్ని. మెట్ల దగ్గర చెబుదామంటే ఎవరో ఎదురొచ్చేవాళ్లు. భోజనం దగ్గర చెబుదామంటే ఆమె కళ్లు మూసుకుని తినేది. ఎందుకు మూసుకుంటోందో అడిగే ధైర్యం నాకు లేదు. చీకటికి అలవాటు పడుతోందేమో అనుకుని నా డబ్బా మూసేసేదాన్ని. గోళ్లన్నీ కొరికేశాను. అమ్మ ఫోన్ చేసి "ఉద్యోగం ఖాయమేనా పాపా?" అంటే, "ఖాయమే" అనేదాన్ని. అదొక్కటే నిజమైంది. సారు పిలిచి కాగితం చేతిలో పెట్టాడు, నన్ను ఉంచుకుంటున్నారు. ఆ కాగితంతోపాటే ఇంకో మాట చెప్పాడు. "మేడమ్ గారు నెలాఖరుకి మానేస్తున్నారండి. కళ్లు సహకరించట్లేదంట. వారి పని మీరు చూసుకోగలరని వారే చెప్పారు."

ఆ సాయంత్రం ఆమె వెనకాలే దిగాను. ఆమె నడుస్తోంది, పక్కన నడిచాను. కొత్తగూడ ఫ్లైఓవర్ కింద రోడ్డు దాటడానికి ఆగాం. బస్సులు, ఆటోలు, హారన్లు. ఎవరి మాట ఎవరికీ వినబడని చోటు. అక్కడ చెప్పాను. చెప్పానంటే, అరిచాను.

"అక్కా! ఆ రోజు పొద్దున నేను పెట్టింది మీ ఫైలు కాదు! వాట్సాప్ ఫొటో! నిజంగానే మసకగా ఉండె. నాకూ మసకగానే కనబడె. పార్టీ పోయినాక మార్చినాను."

ఆమె నా వైపు తిరిగింది. విన్నదో లేదో తెలియలేదు. సిగ్నల్ పడింది, జనం దాటారు, మేం దాటలేదు. ఫోన్ తీసి ఆ రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆ ఫొటోని నేను తుడిచేయలేదు. ఎందుకో ఉంచుకున్నాను.

ఆమె ఒక్క క్షణం చూసి వేలు పెట్టింది. "ఇది నాది. ఇది పిప్పి."

నేను ఏడుస్తూ నవ్వేశాను. "అంతే అక్కా! మీ కళ్లకేం కాలేదు. మీరు మానేయొద్దు. సారుకు నేను చెప్తాను."

ఆమె నవ్వలేదు. ఆమె మొహంలో కోపం కూడా నేను వెతికాను, తిడితే బాగుండు అనుకున్నాను. పక్కనున్న పండ్ల బండి దగ్గరికి నన్ను లాక్కెళ్లింది, అక్కడ కాస్త చప్పుడు తక్కువ.

"నేను నీ కండ్లను నమ్మిన గదనే" అంది.

తల దించుకున్నాను.

"ఇంకెన్నిసార్లు గిట్ల చెప్పినవ్?"

"ఇదొక్కసారే అక్కా."

"ఒట్టిగ అనకు. నేను ఫోన్ సూపిస్తె నువ్వు సూడక ముందె సూపర్ అంటుంటివి. నేను నీ మొహమే సూస్తుంటి, నాకెరుక లేదా? గవన్ని లెక్కవెడ్తే ఎన్ని?"

ఎన్నో నాకు తెలియదు. అన్నీ కలిపి చూస్తే, ఒక్కసారైనా శ్రద్ధగా చూసి చెప్పానో లేదో కూడా తెలియదు. నేను బాగుందన్నవాటిలో ఎన్ని ఆమెకు నిజంగా మసకగా కనబడ్డాయో, వాటిలో ఎన్ని తెర మీది మసకలో, ఎన్ని కంటివో, ఇప్పుడు ఎవరు తేల్చాలి? మసకగా ఉందా అని ఆమె అడిగిన ప్రతిసారీ నేను ఆమెకు ఒక తప్పు కొలబద్ద ఇచ్చాను.

ఆమె కూడా అదే ఆలోచించినట్టుంది. "ఇగ నీ మాట గాదు, నా మాట గాదు" అంది. "మిషన్ల పెట్టి సూసుడే. రేపు పొద్దుగాల నువ్వు నాతోని రా. కండ్లల్ల మందేస్తె నాలుగు గంటలు ఏం కనవడదంట. ఇంట్ల చెప్తె అందరు పరేషాన్ అయితరు. తోడు నువ్వే రావాలె."

అది శిక్షో, నమ్మకమో నాకు తెలియలేదు. వెళ్లాను.

ఆ తర్వాత జరిగింది చాలా ఉంది. నెలనెలా కంటికి సూది వేయించుకోవడం, ప్రతిసారీ నేను తోడు వెళ్లడం, పోయిన చూపు రాకపోయినా ఉన్నది నిలబడటం, ఆమె ఇంకో రెండేళ్లు ఆ కుర్చీలోనే పని చేయడం. చుట్టాలు అడిగితే ఇదంతా చెప్పొచ్చు. నాకు మాత్రం ఆ మొదటి రోజు, డాక్టరు గదిలోకి పిలిచే ముందు గడిపిన పది నిమిషాలే గుర్తున్నాయి.

కళ్లలో మందు వేశారు. ఆమె కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, రెప్పలు మూసి కూర్చుంది. బుగ్గల మీద మందు కారుతోంటే దూదితో అద్దుకుంటోంది. అప్పటికే లోపల మిషన్‌తో కంటి వెనక ఫొటోలు తీశారు. ఒకమ్మాయి వచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టి, నంబరు పిలిచేదాకా ఆగమంది. కాగితం అంతా ఇంగ్లీషులో ఉంది.

"రాసిన్రా?" అంది అక్క.

"రాసినారక్కా. డాక్టర్ చెప్తారంట."

"సదువు."

"లోపలికి పోయినాక..."

"సదువు బిడ్డా. ఉన్నదున్నట్టు."

మొదటి గీత చదివాను. కుడి కన్ను. షుగర్ మార్పులు మొదలయ్యాయి, చూపుకి ఇప్పటికి ఇబ్బంది లేదు. ఆమె తల ఊపింది. రెండో గీత ఎడమ కన్నుది. దాన్ని ముందు కళ్లతో చదివేశాను. చదవగానే నోట్లోకి నాలుగు తేలిక మాటలు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. ఏం లేదక్కా. మందులతో పోతుందంట. కొంచెమేనంట. అంతా మంచిగే ఉందంట. ఎంత అలవాటైన మాటలో! ఆమె చూడలేదు కదా, కాగితం మీద ఏముందో ఆమెకెలా తెలుస్తుంది.

ఆమె ముఖం నా వైపు తిరిగి ఉంది. కళ్లు మూసే ఉన్నాయి. నా మొహం చూసి నిజం పట్టుకునే వీలు ఆ రోజు ఆమెకు లేదు. నా మణికట్టు పట్టుకుంది.

"ఎడమ కన్ను" అన్నాను. "చూపు మధ్య భాగంలో వాపు ఉంది. చూపు తగ్గింది. చికిత్స వెంటనే మొదలుపెట్టాలి. అంతే రాసినారక్కా, ఇంకేం లేదు."

మణికట్టు మీద పట్టు బిగిసింది.

"పోతదా? కన్ను?"

"నాకు తెలీదక్కా."

ఆమె ఊపిరి వదిలింది. పట్టు మాత్రం వదల్లేదు.

"ఆ" అంది. "గట్ల చెప్పు."